మల్లొకసారి మేడం

మొన్న మోకాలి నొప్పికని దవాఖానాకు పోతే, కౌంటరులో కూర్చున్న అమ్మాయి నా పేరు కొట్టి, తెర వంక చూసి, "సార్, గీ పేరు మీద మన ఊర్లనే ఇంకిద్దరున్నరు. మీ నాయిన పేరు చెప్పుండ్రి, ఫోన్ నంబర్ చెప్పుండ్రి" అంది. నా వెనక నిలబడ్డ పెద్దమనిషికి ఓపిక లేదు. "పేరు చెప్పినంక మల్ల నాయిన పేరెందుకమ్మా? సూది ఏసుకోనీకి వచ్చినమా, పిల్లను అడగనీకి వచ్చినమా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. పాత కోపం కదిలింది. తండ్రి పేరో, భర్త పేరో అడిగే ఆ ఒక్క గడి ఒకప్పుడు లేనందుకు ఇక్కడ ఒక మనిషికి ఏం పోయిందో నాకు తెలుసు. ఆ గడి పెట్టమని మొత్తుకున్న ఇంకో మనిషికి ఏం దక్కిందో కూడా తెలుసు. మోకాలు చూపించుకున్నాను, మందులు తెచ్చుకున్నాను, కానీ ఆ రోజంతా నా మనసు ఆ రెండో మనిషి చుట్టే తిరిగింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆర్మూరులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువే. ఎదురుగా ఉంటే మేడం అనేవారు. పక్కకు పోగానే మల్లొకసారి మేడం అనేవారు.

ఇది తొంభైల చివరి సంగతి. అంతకు ముందు, ఎనభైలలో, పాత బస్టాండు దగ్గర బట్టల దుకాణం పైన నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. పొద్దున్నే పిల్లలు మెట్ల మీద కూర్చొని వంతు కోసం చూసేవారు. పసుపు సీజనులో మార్కెట్ యార్డు దిక్కు నుంచి దుమ్ము లేచి వచ్చేది. మిషినుకు ఎక్కించి వదిలేసిన తెల్ల కాగితం సాయంత్రానికి రంగు మారేది. తర్వాత కంప్యూటర్లు దిగాయి. నా మిషిన్లు పాత ఇనుము కింద పోయాయి. ఆ గదుల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన కొత్తాయన బోర్డు మీద తన పేరు కింద డైరెక్టర్ అని రాయించుకున్నాడు. గోడ గడియారాన్నీ బెంచీలనూ ఉంచుకున్నట్టే నన్నూ ఉంచుకున్నాడు. రసీదులు రాయడం, కొత్త పిల్లల వేళ్ళు కీబోర్డు మీద సరిగ్గా పెట్టించడం నా పని.

ఆమెది మోర్తాడ్. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టే పని. కంపెనీ మూతపడి ఇంటికి వస్తే, డైరెక్టర్ పిలిచి, ఆ పని పిల్లలకు నేర్పే నౌకరీ ఇచ్చాడు. తప్పులు పట్టే పని అనగానే నాకు బీడీ కార్ఖానాలో చెకర్ గుర్తొచ్చాడు. ఆడవాళ్ళు దినమంతా నడుం వంచి చేసిన బీడీలను చేతిలోకి తీసుకొని, బాగాలేవని గుప్పెళ్ళకు గుప్పెళ్ళు పక్కన పారేసేవాడే చెకర్. మా దిక్కు అతణ్ణి మెచ్చుకున్న మనిషిని నేను చూడలేదు. ఈమె గతీ అంతే అనుకున్నాను. ఆ ఒక్క విషయంలో నా అంచనా తప్పలేదు.

మొదటి రోజు ఆమెకు గది తాళం చెవి ఇచ్చే ముందు, ఎట్లా వేయాలో చూపించాను. "ఏదీ, మల్లొకసారి" అంది. మళ్ళీ వేసి చూపించాను. తాళాన్ని తన చేతిలోకి తీసుకొని ఒకసారి కిందికి గుంజింది, ఒకసారి పక్కకు గుంజింది. మూడోసారి ఎడమవైపు మెలిపెట్టి గుంజేసరికి తాళం ఊడి చేతిలోకి వచ్చింది. చెవి నా దగ్గరే ఉంది.

"ఇన్నొద్దులు మీకు దొంగలు రాలేదు సార్. తాళం ఉన్నందుకు గాదు, రానందుకు రాలే" అంది.

నాకు మండింది. నేను ఏళ్ళ తరబడి భద్రంగా వేసుకున్న తాళం అది. ఆ సాయంత్రం బజారుకు పోయి కొత్త తాళం కొన్నాను. కొనేముందు దుకాణంలోనే ఎడమవైపు మెలిపెట్టి గుంజాను. దుకాణాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆమె అన్నింటితోనూ అట్లాగే ఉండేది. స్విచ్ వేసి, ఆర్పి, మళ్ళీ వేసేది. బస్సు బోర్డు చదివి కూడా కండక్టరును అడిగేది, కండక్టరు చెప్పాక డ్రైవరును అడిగేది. ఇవన్నీ నవ్వులాటగా ఉండేవి. కానీ ఒక అలవాటును మాత్రం ఆమె దాచుకునేది. ఆలోచనలో పడితే చేతికందిన కాగితం ముక్కను సన్నగా చుట్టడం మొదలుపెట్టేది. వేళ్ళు వాటంతటవే పనిచేసేవి, కొస మడిచి బొటనవేలి గోటితో నొక్కేవి. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే చప్పున విప్పి, చదును చేసి, పుస్తకం కింద పెట్టేసేది. మోర్తాడ్ పిల్ల వేళ్ళకు ఆ చుట్టడం ఎక్కడిదో నాకు తెలియనిది కాదు. అడగలేదు.

కింద హోటల్లో ఒకరోజు చాయ్‌కి కూర్చున్నాం. "ఒక ఖాళీ చాయ్ ఇయ్యన్నా" అని కేకేసింది. మా దిక్కు ఖాళీ చాయ్ అంటే తినడానికి ఏమీ వద్దు, ఉత్త చాయ్ ఒక్కటే అని. హోటలాయన ఏదో పనిలో ఉండి, ఖాళీ గ్లాసు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టిపోయాడు. ఆమె ఆ గ్లాసును నాకు చూపించింది.

"చూసిండ్రా సార్. అడిగింది ఇచ్చిండు. ఏం అడుగుతున్నదని ఆలోచన జెయ్యలె. కంప్యూటర్ గూడ గింతే. మనం ఏం అడిగితే గదే చూస్తది."

హోటలాయన ఆ రోజు నుంచి ఆమె ఏం అడిగినా ముఖం వంక చూసిగానీ ఇచ్చేవాడు కాదు.

ఆమె క్లాసుకు పిల్లలు బాగానే చేరారు. పొద్దున పొలం పని చూసుకొని అంకాపూర్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు ఒకడు. బీడీలు చేసే తల్లుల బిడ్డలు చాలామంది. వాళ్ళలో లత అని ఒక అమ్మాయి ఉండేది, అందరికంటే ముందు వచ్చి మొదటి కంప్యూటరు పట్టుకునేది. అందరికీ ఒకటే ఆశ, హైదరాబాదులో నౌకరీ. అందుకని మొదటి వారం ప్రశ్నలన్నీ ఒకటే రకం. ఏ టూల్ నేర్చుకుంటే తొందరగా నౌకరీ వస్తది మేడం? కోడింగ్ రాకపోతే నడుస్తదా మేడం?

"చీపురు ఏ కంపెనీదో అడుగుతున్నరు. ఇంట్ల చెత్త ఎక్కడున్నదో చూసుడు ముందు నేర్వుండ్రి" అనేది. "కోడింగ్ జర వస్తే మంచిదే. రాకపోతే నేర్సుకోవచ్చు. అనుమానం రాకపోతే మాత్రం నేను నేర్పలేను."

హైదరాబాదు నుంచి ఆమె ఒక సీడీ తెచ్చింది. అందులోని టూలు అనే ప్రోగ్రాముకు మనం ఒక పనిని ఒకసారి చేసి చూపిస్తే, అదే పనిని తర్వాత మనిషి లేకుండా ఎన్నిసార్లయినా చేస్తుంది. మొదటిసారి దాన్ని నడిపిన రోజు నేను కూడా నిలబడి చూశాను. కుర్చీలో ఎవరూ లేరు. తెర మీద బాణం గుర్తు కదులుతోంది, పేరు పడుతోంది, ఊరు పడుతోంది, చివర ఆకుపచ్చ అక్షరాల్లో పాస్ అని వస్తోంది. నా జీవితమంతా వేళ్ళు ఎట్లా పెట్టాలో నేర్పాను. అక్కడ వేళ్ళే లేవు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకో చెప్పలేను.

"మిషినే చూసుకుంటే ఇగ మనమెందుకు మేడం?" అన్నాడు అంకాపూర్ పిల్లవాడు. వాడు అడిగింది నేను అడగవలసిన ప్రశ్నే.

"రోజు ఒక్కతీరు చేసే పని దానికి అప్పజెప్పాలె. దానికి విసుగు రాదు, మనకొస్తది. కండ్లు పెట్టి చూసే పని మన దగ్గర పెట్టుకోవాలె. ఏం చూడాలెనో దానికి చెప్పేది గూడ మనమే గదా" అంది.

తర్వాతి వారం డైరెక్టర్, పిల్లలు టెస్ట్ చేస్తున్న ప్రోగ్రాములో తెర అందం కోసం బటన్లన్నీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్పించాడు. ఆ సంగతి తెలియని టూలు, పాత చోటే నొక్కుతూ కూర్చుంది. అక్కడ ఏమీ లేదు. అయినా నొక్కుతూనే ఉంది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఒకసారి రాసి ఇడిసిపెడితే గిట్లనే అయితది. ప్రోగ్రాం మారినప్పుడల్లా టెస్టు గూడ మార్చాలె" అని ఆ రోజంతా వాళ్ళతో మళ్ళీ రాయించింది.

ఎన్ని టెస్టులు చేస్తే సరిపోతుందని లత అడిగినప్పుడు ఆమె చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "యార్డుల ఖరీదుదారు కుప్పల ఉన్న పసుపు కొమ్ములన్ని విరుస్తడా? విరువడు. మరి చెయ్యి ఏడ పెడ్తడు?"

"అడుగున" అన్నారు పిల్లలు. అందరూ రైతుల ఇళ్ళనుంచో కూలీల ఇళ్ళనుంచో వచ్చినవాళ్ళే, ఆ పని తెలియనివాడు లేడు.

"అడుగున ఎందుకు?"

"మంచియన్ని మనం మీద పెడ్తం గదా మేడం."

"గదే. మనం ఏడ దాస్తమో గాడ చెయ్యి పెట్టాలె" అంది. అంత తెలిసిన మనిషి. అయినా ఆ చెయ్యి పెట్టవలసిన చోట పెట్టలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఊళ్ళో ఒక పెద్ద ప్రైవేటు దవాఖానా ఉండేది. దానికి కంప్యూటరు పెట్టించే పనిని డైరెక్టర్ సంపాదించాడు. రోగి పేరు, ఊరు కొడితే వాళ్ళ జబ్బు, మందులు, సూదులు తెర మీద కనబడతాయి. ప్రోగ్రామును ఆయన బావమరిది హైదరాబాదులో రాయించాడు. దాన్ని టెస్ట్ చేసే పని ఈమె క్లాసుకు వచ్చింది. నిజం ప్రోగ్రాము, నిజం పని. పిల్లల ఉత్సాహం చెప్పనలవికాదు. రోగుల పేర్లు తలా కొన్ని ఊహించి రాయమంది. టూలు ఆ పేర్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఎక్కించింది. పాస్, పాస్, పాస్. ఆకుపచ్చ రంగుతో తెరంతా నిండింది.

ఆ పేర్ల కాగితాన్ని నేను చూశాను. స్వప్న, ప్రియాంక, దివ్య, శ్రావణి, రోహిత్, వికాస్.

"ఏందమ్మా, గీ రోగులందరు టీవీలకెల్లి దిగినట్టున్నరు" అన్నాను.

ఆమె నవ్వింది. "మన పిల్లలు గూడ పట్నపోళ్ళ లెక్క తయారైతున్నరు సార్" అంది. ఆ మాటలో సంతోషమే ఉంది తప్ప అనుమానం లేదు. ఫలితాల కాగితం కింద సంతకం పెట్టి డైరెక్టర్‌కు ఇచ్చింది.

దవాఖానాలో కంప్యూటరు ప్రారంభానికి ఒకరోజు ముందు, ప్రింటరు పనిచేస్తోందో లేదో చూద్దామని ఆమె పోతూ నన్నూ రమ్మంది. బయట బెంచీల మీద ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. ఎక్కువమంది బీడీలు చేసేవాళ్ళు, దగ్గుతూ ఉన్నారు. కాంపౌండర్ తలుపు దగ్గరకు వచ్చి, "గంగవ్వా" అని పిలిచాడు.

ముగ్గురు లేచారు.

"మీరు గాదు, మీరు కూసోండ్రి. బక్క గంగవ్వ, నువ్వు రా" అన్నాడతను. అతనికి అలవాటే. మిగిలిన ఇద్దరూ కూర్చున్నారు. మా నిజామాబాదు జిల్లాలో ఏ ఊరికి పోయినా గంగవ్వలూ గంగారాంలూ వాడకు నలుగురు ఉంటారు. ఇందులో నాకు వింతేమీ కనబడలేదు. పక్కకు చూస్తే ఆమె ముఖం పాలిపోయి ఉంది. ప్రింటరు చూడకుండానే మెట్లు దిగింది.

క్లాసుకు వచ్చి నిలబడి, "మీ అమ్మల పేర్లు చెప్పుండ్రి" అంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కొందరు తలలు దించుకున్నారు. మొదట లతే లేచింది. "గంగవ్వ మేడం" అంది, ఏదో తప్పు చేసినట్టు. ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. లసుమవ్వ, గంగామణి, గంగవ్వ, మల్లవ్వ, మళ్ళీ గంగవ్వ.

"మరి గీ పేర్లెందుకు రాయలె?"

"కంప్యూటర్ల గవేం పేర్లు మేడం, మంచిగుండయని" అంది లత.

వెనక బెంచీ నుంచి ఒకడు, "మీ అమ్మ పేరేంది మేడం?" అని అడిగాడు. ఆమె బోర్డు వైపు తిరిగి, ఉన్నవన్నీ తుడవడం మొదలుపెట్టింది. తుడిచాక కూడా తుడిచింది.

ఆ మధ్యాహ్నమే అసలు పేర్లతో టెస్టు నడిపింది. ఒక ఊరి గంగవ్వను ఎక్కించి, ఆమెకు ఏ సూది పడదో రాసింది. అదే ఊరి ఇంకో గంగవ్వను ఎక్కించింది. మొదటి గంగవ్వ కోసం వెతికితే ఆమె లేదు. రెండో ఆమె వయసు, రెండో ఆమె మందులు మొదటి ఆమె మీద వచ్చి కూర్చున్నాయి. పడని సూది మాట మాయమైంది. ఇంత జరిగినా టూలు ఆకుపచ్చగా పాస్ అనే చెప్పింది. సేవ్ అయిందన్న మాట వచ్చిందా లేదా అన్నదొక్కటే దాన్ని చూడమన్నారు. అది చూసింది. ఖాళీ చాయ్ అడిగితే ఖాళీ గ్లాసు వచ్చింది.

ఆమె పరుగున డైరెక్టర్ గదికి పోయింది. నేను రసీదుల పుస్తకం పట్టుకొని అక్కడే ఉన్నాను.

"సార్, రేపు మొదలువెట్టొద్దు. భర్త పేరో, తండ్రి పేరో కొట్టనీకి ఇంకో గడి పెట్టాలె. లేకుంటే ఒకరి సూది ఇంకొకరికి వడ్తది."

"రేపు లీడర్లు వస్తున్నరు, రిబ్బన్ కటింగ్ ఉంది. పాస్ అని నువ్వే ఇచ్చినవ్ గదా."

"తప్పిచ్చిన సార్. గిప్పుడు ఫెయిల్ అని ఇస్తున్న."

"ఓపెనింగ్ కానియ్యి. తర్వాత చూద్దాం" అన్నాడు. అని ఫోన్ చేతిలోకి తీసుకొని పూలదండల సంగతి మాట్లాడసాగాడు.

ఆమె అక్కడితో ఆగలేదు. దవాఖానా డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన మంచివాడే, కానీ తీరిక లేనివాడు. పాస్ అని కాగితం ఇచ్చి ఇప్పుడు కాదంటే ఎట్లమ్మా, మీ డైరెక్టర్ సారు చూసుకుంటానన్నడు అన్నాడు. మర్నాడు దండలు పడ్డాయి, రిబ్బను తెగింది, లడ్డూలు పంచారు. పాత కార్డులన్నీ మూటకట్టి మిద్దె మీద పడేశారు. తర్వాత చూద్దామన్న ఆ తర్వాత మాత్రం రాలేదు. బావమరిదికి వచ్చే వారం కుదురుతుందన్నారు. ఆ పై వారం అన్నారు. ఈమె రోజూ దవాఖానాకు పోయి కాంపౌండరుకు చెప్పేది, ఒకే పేరు వస్తే నోటితో అడుగుండ్రి అని. కొన్నాళ్ళకు ఈమెను అక్కడికి రానివ్వవద్దని డైరెక్టర్ కబురు పెట్టాడు.

లత తల్లి గంగవ్వకు ఛాతీ జబ్బు. ఆ జబ్బుకు అప్పట్లో రోజూ ఒక సూది వేసేవారు. కొందరికి అది చెవులను పాడుచేస్తుంది. చెవుల్లో హోరు వస్తోందని గంగవ్వ చెప్పగానే డాక్టరు ఆ సూది ఆపి, పాత కార్డు మీద ఎర్ర సిరాతో వద్దని రాశాడు. ఆ కార్డు మిద్దె మీది మూటలోకి పోయింది. అదే ఊరి ఇంకో గంగవ్వకు ఆ సూది రోజూ పడాలి. తెర మీద ఇద్దరూ ఒకటయ్యారు. పాత కాంపౌండరయితే బక్క గంగవ్వ, పెద్ద గంగవ్వ అని మనిషిని చూసి పోల్చేవాడు. ఇప్పుడతను మనిషిని చూడడం మానేసి తెరను చూస్తున్నాడు.

లత క్లాసులో ఉండే వేళకు గంగవ్వ ఒక్కతే దవాఖానాకు పోయేది. డాక్టర్ సాబ్ నాకు గీ సూది వద్దన్నడు గదా అని ఆమె అడిగిందట కూడా. "కంప్యూటర్ల ఉంది. కంప్యూటర్ కన్న నీకెక్కువ ఎరుకనా?" అన్నాడట కాంపౌండరు. ఆమె ఇంకేమీ అనకుండా రవిక చేయి పైకి జరిపింది. దవాఖానావాళ్ళకు తెల్వదా అనుకొని ఇంట్లో కూడా చెప్పలేదు. లతకు తెలిసేసరికి, వాకిట్లో నిలబడి ఎంత పిలిచినా గంగవ్వ తల తిప్పడం లేదు.

లత మేనమామ నలుగురిని వెంటబెట్టుకొని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. డాక్టరును కూడా పిలిపించారు. ఇంక డైరెక్టర్ చూపించిన చురుకు నేను ఎన్నడూ చూడలేదు. బీరువాలోంచి ఆ పాస్ కాగితం తీసి టేబులు మీద పరిచాడు. "టెస్టింగ్ చేసింది గీమె. పాస్ అని రాసిచ్చింది గీమె. మేం నమ్మి పెట్టినం. చూసుకోండ్రి, సంతకం ఎవరిదో."

"నాదే" అంది ఆమె.

అంతే. నేను ఊరుకోలేకపోయాను. "ఓపెనింగ్ ముందు రోజే వద్దని చెప్పింది గదా సార్, నేనీడనే ఉన్న" అన్నాను.

"టైపు సారూ, మీరు రసీదులు రాసుకోండ్రి" అన్నాడు డైరెక్టర్.

అందరూ నా వైపు ఒకసారి చూసి, తిరిగి ఆ కాగితం వైపు చూశారు. అచ్చులో ఉన్న మాట ముందు నా మాట ఎవరికి కావాలి. నేను రెండోసారి చెప్పాను, మూడోసారి అరిచాను. మేనమామ, "సారూ, మీరు నడుమల రాకుండ్రి" అన్నాడు. ఆమెను ఆ సాయంత్రమే తీసేశారు. దవాఖానా ప్రోగ్రాములో కొత్త గడి ఆ వారమే వచ్చింది. బావమరిదికి తీరిక దొరికింది. డైరెక్టర్ బోర్డు రంగు కూడా మారకుండా నిలిచింది. ఆ బోర్డు కింద నుంచి నడిచిపోవలసి వచ్చినప్పుడల్లా నాకు ఉమ్మేయాలనిపించేది, ఒకటి రెండుసార్లు ఉమ్మేశాను కూడా.

నేను నౌకరీ మానేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆమె ఒక మధ్యాహ్నం వచ్చింది. ఊరు విడిచి పోతున్నానంది. ఎక్కడికో చెప్పలేదు. "పోయే ముందు లత వాళ్ళ ఇంటికి పోవాలె సార్. ఒక్కదాన్ని పోలేను, జర వస్తరా?" అంది. ఇద్దరం బస్సెక్కాం. ఈసారి ఆమె కండక్టరును ఏమీ అడగలేదు.

గంగవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేస్తోంది. చుట్టుపక్కల వాకిళ్ళలోనూ ఆడవాళ్ళు అదే పనిలో ఉన్నారు. లత లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మేడం పోయి గంగవ్వ ఎదురుగా కింద కూర్చుంది. చాటలోంచి కత్తిరించిన ఆకు ఒకటి తీసుకొని, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టి చాటలో పెట్టింది. ఆ వేళ్ళ వేగం చూస్తే ఆ పని మానేసి ఏళ్ళయిందని ఎవరూ అనుకోరు. ఇంకొకటి చేసింది. గంగవ్వ ఆ బీడీని తీసి, తిప్పి చూసి, ముఖం విప్పారగా, "నీకు బీడీలు చేసుడు ఎట్లొచ్చు బిడ్డా?" అంది. చెవులు పోయినవాళ్ళు మాట్లాడినట్టు, అవసరమైన దానికంటే గట్టిగా.

"మా అమ్మ నేర్పింది. మా అమ్మ పేరు గూడ గంగవ్వనే."

గంగవ్వ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఏమంటున్నవ్? మల్లొకసారి చెప్పు."

"మా అమ్మ పేరు గూడ గంగవ్వనే" అంది ఆమె, గొంతు పెంచి.

"ఇనవడ్తలేదు బిడ్డా. మల్లొకసారి."

ఆమె మోకాళ్ళ మీద లేచి, గంగవ్వ చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "గంగవ్వ. మా అమ్మ పేరు గంగవ్వ. నేను మోర్తాడ్ గంగవ్వ బిడ్డను." వాడ వాడంతా వినబడింది. పక్క వాకిళ్ళలో వేళ్ళు ఆగిపోయాయి, అందరూ మా వైపే చూస్తున్నారు. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

గంగవ్వ ఆ ముఖం వంక చూసింది. తర్వాత గడపలో ఉన్న బిడ్డ వైపు తిరిగింది.

"ఏమంటున్నదే లతా? చెవుల సంగతేనా? గుణమైతదంటనా?"

లత తల అడ్డంగా ఊపింది. గంగవ్వ చాటను దగ్గరికి లాక్కొని ఇంకో ఆకు తీసుకుంది.